ఇంటి తాతకు చొక్కా

మార్చి తొమ్మిదిన ఉడికించిన బంగాళాదుంపలు, ఊరబెట్టిన దోసకాయ తిని, గిన్నెలు కడగకుండానే జెనోవీ, బాంబులు పడుతున్న మికొలాయివ్‌లోని ఇల్లు వదిలి బస్సెక్కాడు. ఆ తొందరలో ఇంటి తాతను పిలవడం మరిచిపోయాడు. పొయ్యి వెనక కంటికి కనపడకుండా ఉండి ఇంటిని కనిపెట్టుకునే ఆ ముసలాయన్ని, ఇల్లు మారేటప్పుడు పాత బూటులో కూర్చోమని పిలిచి వెంట తెచ్చుకోవాలి. భార్య స్తెఫా బతికి ఉంటే మరిచేది కాదు. అప్పటినుంచి అతనికి ఎక్కడా కుదురు లేదు. ఏ గదిలో కూర్చున్నా రెండు నిమిషాలకే లేచి తిరుగుతాడు.

ఇప్పుడు స్కాట్లండ్ తీరంలోని జాలరుల ఊళ్ళో, చర్చి పక్క హాల్లో కొయ్యబొమ్మలు చెక్కుతున్నాడు. అతనితో కలిసి బొమ్మలాట ఆడించేది ఎఫీ, డెబ్బై దాటిన కథలమ్మ. ఆమె కథల్లోనూ అలాంటి ముసలాయనే ఉన్నాడు. చింకిపాతలతో వచ్చి, ఇంటిపని చేసి, మీగడ తాగుతాడు. రేపు పిల్లల ముందు ఆడబోయే కథలో, ఊరు విడిచిన కుటుంబంతో ఇంటి తాత కూడా పడవెక్కి వస్తాడు.

ఆ సాయంత్రం జెనోవీ తాత బొమ్మకు ఎర్రదారం కుట్టిన చొక్కా తొడిగాడు. ఎఫీ టీ కప్పు ఠక్కున కింద పెట్టింది.

"ఏమయ్యా, బట్టలు తొడిగావా! కొంప ముంచావు."

"మీ దేశంలో చలి కదండీ. ముసలాడు వణకడూ?"

"వణికితే వణకనీ. బట్టలిస్తే ఇక వెళ్ళిపొమ్మన్నట్టే. వేసుకుని పోతాడు, మళ్ళీ రాడు. రేపు చూడగానే మా పిల్లలు 'పోతున్నాడో' అని గోల పెడతారు."

జెనోవీ గుండీలు తెగేలా చొక్కా లాగేశాడు.

"మెల్లగా! బొమ్మేగా."

"బొమ్మ గురించి కాదండీ. నేను పిలవకుండా వచ్చేశాను. అద్దాలు పగిలిన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. నన్నేమనుకుంటున్నాడో."

దేన్నైనా ఎగతాళి చేసే ఎఫీ ఈసారి నవ్వలేదు.

"అయితే ఇప్పుడు పిలువు."

"ఇంత దూరం వినపడుతుందా?"

"ఏం, మీ వాడికి చెవుడా?"

"స్తెఫా అరుపులకి వచ్చే ఉంటుంది," అన్నాడు. అన్నాక తనకే నవ్వొచ్చింది.

ఎఫీ వెళ్ళి తలుపు బార్లా తీసింది. జెనోవీ ఒక బూటు విప్పి గడప మీద పెట్టాడు. ఒంటి బూటుతో హాలంతా తిరిగాడు. చివరికి గడప దగ్గర గొంతుకూర్చుని, "తాతా, మేం ఇక్కడున్నాం. రా. మాతో ఉండు," అన్నాడు.

చేపల వాసనతో సముద్రపు గాలి లోపలికి కొట్టింది. ఇంకేమీ రాలేదు. కాసేపటికి అతను బూటును రెండు చేతులా ఎత్తి, తెచ్చి వెచ్చని గోడ వారగా పెట్టాడు. దాని పక్కనే కూర్చున్నాడు. లేవలేదు.

"మూసేయండి, చలిగాలికి మీకు దగ్గొస్తుంది," అన్నాడు.

"ఉండవయ్యా. ముసలివాళ్ళం, నిదానంగా నడుస్తాం."

ఇంకాసేపు అలాగే పట్టుకుని నిలబడి, ఎఫీ చప్పుడు కాకుండా తలుపు మూసింది.