గునుగు చల్లిందెవరు

తన పై చేన్లో ఎవరో గునుగు కలుపు విత్తనం చల్లుతున్నారన్న అనుమానం హనుమంతును ఏళ్లుగా తొలుస్తోంది. ఎవరో అంటే ఇంకెవరు, గట్టు అవతలి రామనాథమే. ఇద్దరి ఊరూ లక్కడ్‌కోటే. రాజూరా దుకాణాల్లోకి కొత్త కంపెనీల పత్తి గింజలు వచ్చినప్పటి నుంచి ఇద్దరూ ఒకే రకం తెచ్చి ఒకే వానకు విత్తుతున్నారు. మంచి వానలు పడిన ఏడు ఇద్దరికీ పండుతుంది. వాన మొహం చాటేస్తే మాత్రం రామనాథం చేను నిలబడుతుంది, హనుమంతుది గునుగులో మునిగిపోతుంది.

ఆ కోపంతోనే ఒకరి చేన్లో ఒకరు చేసుకునే బదులు పని ఆపేశాడు. భార్య గిరిజ బాలింతగా ఉన్నప్పుడు రామనాథం భార్య ఆగమ్మ వచ్చి ఒక రోజు కలుపు తీసి వెళ్లింది. ఆ రోజుకు బదులు గిరిజ వెళ్లాలి. హనుమంతు వెళ్లనివ్వలేదు. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి పోతోంది.

ఈ ఏడు ఎడ్ల పండుగ పోలా వెళ్లినా సరైన వాన లేదు. ఈసారి పండకపోతే తండ్రి ఇచ్చిన పై చేను అమ్ముకోవాల్సిందే అంటున్నాడు హనుమంతు. ఒక పొద్దున రామనాథం గట్టు మీద వంగి, ఒడిలో చెయ్యి పెట్టి తీయడం కనబడింది. హనుమంతు పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దొరికినవ్ బావా! ఏం చల్లుతున్నవ్?"

"చల్లుడు గాదు బామ్మర్దీ, ఏరుకుంటున్న." రామనాథం ఒడి విప్పాడు. నిండా గునుగు కంకులు. "నీ గింజలు గాలికి పత్తి పక్కనున్న నా మిరప చేన్ల రాలుతున్నయ్. నువ్వే కావాలని పెంచుతున్నవని నా అనుమానం!"

"అది బతుకమ్మ పువ్వు. పండుగ దాకా పీకొద్దని మా అమ్మ మొక్కుకుంది."

"అమ్మవారికి గంపెడు సాలదా? చేనంత కావాల్నా?"

"పోయినేడు గూడ ఉంచిన గదా, మంచిగనే పండె!"

"పోయినేడు వాన పత్తికీ గునుగుకీ రెంటికీ తాపింది. ఈ ఏడు నీళ్లు నిలవని నీ గరప నేలల తేమ ఉన్నదే గింత. మొదటి నెలలనే గునుగు తాగేసింది."

హనుమంతు తన చేన్లోకి నడిచాడు. గునుగు గుబురులో పత్తి మోకాలెత్తు కూడా లేదు. నీళ్ల కుండ పెట్టుకోవడానికి గిరిజ మొదట్లోనే పీకి శుభ్రం చేసిన జాగాలో మాత్రం నాలుగు మొక్కలు నడుము దాకా లేచి కాయ పట్టాయి. అదే నేల, అదే గింజ.

'తల్లీ, ఇంత నువ్వడిగావా, మేమే అనుకున్నామా?' అని మనసులోనే అడిగాడు. అమ్మవారికి ఒక్క గుబురు వదిలి మిగతాది పీకడం మొదలుపెట్టాడు. ఈ ఏడు పై చేన్లో సగం చేతికి రాదు. అయినా అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు గిరిజ కలుపు తీసే కుర్పి పట్టుకొని రామనాథం మిరప చేన్లోకి దిగింది. వెనకే హనుమంతు.

ఆగమ్మ నడుము మీద చేతులు పెట్టుకొని చూసింది. "పిలవకుంటనే వచ్చిన్రు, గింజలు గిట్ల తెచ్చిన్రా ఏంది? కొంగు దులుపుకొని రా మరదలా!"

గిరిజ నవ్వుతూ కొంగు దులిపి, ఆగమ్మ పక్క సాలులో కూర్చుంది. పొద్దు గూకే దాకా లేవలేదు.