కాలేజీ నుంచి పిలుపు

సిరొంచ కాలేజీ నుంచి ఫోన్ రాగానే నర్సక్క చేతిలోని చేట జారిపోయింది. "రేపు పదింటికి రండి" అని మాత్రమే చెప్పి పెట్టేశారు. కూతురు మధులత అక్కడే బీఏ రెండో ఏడు చదువుతోంది. పిల్లను కాలేజీలోంచి తీసేస్తారేమోనన్న దిగులుతో నర్సక్కకు అన్నం సహించలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ సుధాకర్ సార్ గదిలో అడుగుపెడుతూనే ఆమె చేతులు జోడించింది.

"తప్పయింది సార్. మొన్న దానికి జ్వరం గిరం ఏం రాలే. రేగుంటల మా ఆడిబిడ్డ కొడుకు పెండ్లికి నేనే తీస్కపోయిన. జ్వరమని చీటీ రాయమన్నది గూడ నేనే."

"అమ్మా, జర ఆగే!" అంది పక్కనే ఉన్న మధులత.

"నువ్వాగు. సార్, పోయిన నెల గోదారి నిండిందని చూడనీకి పోయి క్లాసు గూడ ఎగ్గొట్టింది."

సుధాకర్ సార్ నవ్వు ఆపుకోలేకపోయారు. "నర్సక్కా, నేను పిలిచింది దానికి కాదు. మన కాలేజీకి ఇరవై అయిదేండ్లు నిండుతున్నయి. పిల్లలు దాని చరిత్ర రాస్తున్నరు. మొదట్ల తునికాకు గోదాముల క్లాసులు నడిచినప్పుడు, రోజూ ఊడ్చి అలికింది నువ్వేనట. ఆ ముచ్చట చెప్తవని పిలిచిన."

నర్సక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. మధులత తల పట్టుకుంది.

"మరి పిల్లను తీసేయరా సార్?"

"ఎట్ల తీసేస్తనే? ఆ పెండ్లిల మీ వెనక బంతిల కూసొని నేను గూడ తిన్న. ఆ రోజు సెలవుకు నేనిచ్చింది గూడ జ్వరం చీటీనే!"