మేస్త్రి నంబరు

పుల్లమ్మ మాత్రల అట్టలన్నీ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. పెట్టి, కొంగుతో నోరు కప్పుకుని వెనక్కి జరిగి నిలబడింది.

"ఇయ్యి తీసేసుకోండి సారూ. ఏసుకున్నయ్యి పోను మిగతాయన్నీ ఉన్నయ్యి. ఆ ఫోన్లోది కూడా తీసెయ్యండి."

ఉమాకాంతానికి మొదట అర్థం కాలేదు. పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఇన్వర్టరు మీద కంప్యూటరొక్కటీ నడుస్తోంది. జగ్గయ్యపేట సిమెంటు దుమ్ము, ఎండ, చెమట కలిసి ఆసుపత్రి వరండా అంతా ఒకటే ఉక్క. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. బెంచీల మీద చోటు లేక కొందరు గోడవారగా చతికిలబడ్డారు.

"ఏ ఫోన్లోదమ్మా?"

"మా మేస్త్రి ఫోన్లోది. నాకు టీబీ అని మీరు పంపారంటగా. ఆటో ఎక్కనియ్యట్లా. మూడు వారాల నుంచి మిరపకోతకు పోలా." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "మాత్రలు తిరిగిచ్చేస్తే అది కొట్టేస్తారు గదా సారూ?"

సర్కారు ఉచితంగా ఇచ్చే క్షయ మందులవి. వత్సవాయి నుంచి బస్సు చార్జీ పెట్టుకుని, అంగట్లో నచ్చని చీర తిరిగిచ్చినట్టు తన రోగాన్ని తిరిగిచ్చెయ్యడానికి వచ్చింది. ఉమాకాంతం ఆ అట్టల వంక చూసి, కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు.

ఆయన నందిగామలో జూనియర్ కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. భార్య కమలాంబ పోయాక ఇంట్లో గోడగడియారం చప్పుడు తప్ప మరేమీ వినపడక, పాత శిష్యుడు రాజ్‌కిరణ్ డాక్టరై పెట్టిన ఈ ఆసుపత్రిలో ముందు కూర్చుని పేర్లు రాసే పనికి ఒప్పుకున్నాడు. రోజూ నందిగామ నుంచి బస్సులో వస్తాడు. అందరూ మాస్టారూ అంటారు. చదువురాని వాళ్ళకు మందుల చీటీ చదివి చెప్పడం, ముసలివాళ్ళను ముందుగా లోపలికి పంపడం ఆయనకు ఇష్టమైన పనులు.

కిందటేడు కాగితాలు పోయి కంప్యూటరు వచ్చింది. రోగి వివరాలు అందులో ఎక్కించి, వాళ్ళ ఆరోగ్య గుర్తింపు నంబరుకు జతచేస్తే, అలా జతచేసిన రికార్డుకు ఇంతని ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తుంది. ఉమాకాంతానికి అది మంచి పనిగానే తోచింది. వానకు తడిసిన చీటీలు, ఎక్కడో పారేసుకున్న ఎక్స్‌రేలు ఆయన ఎన్ని చూశాడు! ఒకచోట భద్రంగా ఉంటే బీదవాడికే గదా మేలు అనుకున్నాడు. మొదటి విడత సొమ్ము పడ్డ రోజున డాక్టరు ఆయన నడుంనొప్పి గుర్తుపెట్టుకుని, వీపుకు మెత్తగా ఆనే కొత్త కుర్చీ తెప్పించాడు.

చిక్కల్లా ఫోను దగ్గరే వచ్చింది. గుర్తింపు నంబరు పుట్టాలంటే ఫోనుకు అంకెలు రావాలి. తర్వాత రిపోర్టులూ ఆ ఫోనుకే పోతాయి. మిరపకోతకు పోయే ఆడకూలీల్లో సగం మందికి ఫోను లేదు. ఉన్నవాళ్ళకు రీచార్జి లేదు. వాళ్ళకో అలవాటుంది. గ్యాసుబండకైనా, బ్యాంకు ఖాతాకైనా, ఎవరు నంబరడిగినా, ఆటోలో కూలికి తీసుకుపోయే ముఠా మేస్త్రి డేవిడ్‌రాజు నంబరే చెబుతారు. ఏ మెసేజి వచ్చినా మర్నాడు ఆటోలో అతనే చదివి వినిపిస్తాడు. అందులో దాపరికం ఏముందని ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు.

పుల్లమ్మ మొదటిసారి వచ్చిన రోజు కళ్ళముందు కదిలింది. ఒళ్ళు కాలిపోతూ గోడకానుకుని నిలబడింది. నంబరు ఎక్కితేగాని చీటీ ఇవ్వొద్దని డాక్టరు మాట. "ఫోను లేదు సారూ" అంటే, మళ్ళీ రమ్మనడానికి నోరు రాక, "మీ మేస్త్రి నంబరు చెప్పమ్మా, పనైపోతుంది" అన్నాడు తనే. బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆ సాయంత్రం ఒక మంచి పని చేసినవాడిలా బస్సెక్కాడు.

డాక్టరు తలుపు మూసి మరీ ఆమెకు జబ్బు సంగతి చెప్పాడు. ఆమె గుండెలో పెట్టుకుని ఇంటికి పోయింది. రిపోర్టు మాత్రం ఆమె కంటే ముందే మేస్త్రి జేబులోకి చేరింది.

కమలాంబ జబ్బు సంగతి చెప్పే ముందు, విజయవాడలో ఒక నర్సు లేచి మంచం చుట్టూ తెర లాగింది. పక్క మంచాలవాళ్ళు వినకూడదని. ఆ అమ్మాయి పేరు ఆయనకు తెలియదు. చెయ్యి జ్ఞాపకముంది.

అట్టలు పట్టుకుని ఆయన డాక్టరు గదిలోకి వెళ్ళాడు.

రాజ్‌కిరణ్ అంతా విని నుదురు రుద్దుకున్నాడు. "అయ్యో. మాత్రలు మానకూడదు మాస్టారూ, మానితే మందుకు లొంగకుండా పోద్ది. మూడు వారాలు వాడింది కాబట్టి ఇంకొకళ్ళకి అంటుకునే భయం కూడా పెద్దగా ఉండదు. ఆ నంబరు తీసెయ్యండి. కాకపోతే తీయాలన్నా ఆ ఫోనుకే ఓటీపీ పోద్ది."

"ఇకమీదట సొంత ఫోను లేనివాళ్ళకు ఎక్కించడం మానేద్దాం బాబూ. చీటీ మీద రాసి పంపిస్తాను."

"మన పేషెంట్లలో సగం వాళ్ళే. వాళ్ళని వదిలేస్తే నెల లెక్క ఏమవుద్ది? ల్యాబు మిషను ఈ సొమ్మును నమ్ముకునే తెచ్చా." డాక్టరు నొచ్చుకుంటూనే అన్నాడు. "నేను నంబరు కావాలన్నాను. మేస్త్రిది ఎక్కించమన్లేదు గదా మాస్టారూ?"

అన్లేదు. అది నిజమే.

ఉమాకాంతం బయటికొచ్చి డేవిడ్‌రాజుకు ఫోన్ చేశాడు. అవతల మిరప కళ్ళం, ట్రాక్టరు చప్పుడు, ఎవరివో తుమ్ములు. వచ్చిన అంకెలు అతను మారుమాట లేకుండా చదివాడు.

"తీసేశారా సార్?"

"తీసేశానయ్యా. ఆమెను పనికి తీసుకెళ్ళు. అంటుకునే భయం లేదని డాక్టరుగారే చెబుతున్నారు."

"ఫోన్లోంచి తీసేశారు. నా బుర్రలోంచి ఎట్టా తీస్తారు?" డేవిడ్‌రాజు గొంతులో కోపం లేదు, విసుగుంది. "నాకు మీరు చెప్తారు. ఆటోలో ఆనుకుని కూచునే ఆడోళ్ళకి ఎవురు చెప్తారు? రైతు చెవిన పడితే ముఠా మొత్తాన్నీ రావద్దంటాడు. మూడొందల యాభై కూలి, ఎవురు పోగొట్టుకుంటారు సార్? అసలు అది నాకెందుకు పంపారండీ? మిరపకాయ కాడ దగ్గనోళ్ళెవురు? పుల్లమ్మా దగ్గుకుంటా కోసేది. నాకు తెలియకుండా ఉంటే బాగుండేది."

ఉమాకాంతం ఫోను పెట్టేశాడు.

"మేస్త్రి నంబరు తీసేశానమ్మా" అన్నాడు పుల్లమ్మతో. "మాత్రలు మాత్రం నువ్వే ఉంచుకోవాలి. మానితే ప్రాణానికి ముప్పు."

"తీసేశారా? అయితే రేపు ఆటో ఎక్కనిస్తాడా?"

ఆయన అట్టలు మళ్ళీ ఆమె ముందు పెట్టాడు. పుల్లమ్మ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత అట్టల వంక చూసింది.

"ఇయ్యి ఇంట్లో ఉంటే ఇంటికొచ్చినోళ్ళు కూడా చూస్తారు. నాకొద్దు సారూ."

తిట్టలేదు, ఏడవలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగి, ఎదురుగా మూసిన కొట్టు నీడలో నిలబడింది.

"మా పిన్నిలెండి," అంది వరసలో ముందుకొచ్చిన ఆమె. "ఆటో ఎక్కనియ్యకపోతే ఆమెకు తోడుగా నేనూ బస్సుకొచ్చా. నాకూ చూపించుకునే పనుంది." ఆమె పేరు లూర్దమ్మ. అదే ముఠా. కౌంటరు మీదికి వంగి రహస్యంగా అంది. "ఆడోళ్ళ బాధ సారూ. డాక్టరమ్మ లేదా?"

"మధ్యాహ్నం వస్తారమ్మా. పేరు రాస్తాను."

పేరు, వయసు, ఊరు ఎక్కాయి. తెర మీద ఫోన్ నంబరు గడి ఖాళీగా మెరుస్తోంది. లూర్దమ్మ అడక్కుండానే మేస్త్రి నంబరు గడగడా అప్పజెప్పింది. ముఠాలో అందరికీ అది కంఠతా వచ్చు.

ఉమాకాంతం వేళ్ళు మీటల మీద ఆగాయి. సగం తనంతటవే కొట్టేశాయి కూడా. కొట్టినవన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. సొరుగులో అడుగున పడివున్న పాత చీటీల కట్ట తీసి, దుమ్ము దులిపి, కలంతో ఆమె పేరు రాశాడు.

నగదు పెట్టె దగ్గర కూర్చున్న డాక్టరు తండ్రి చెన్నకేశవరావు కళ్ళజోడు పైకి లాక్కున్నాడు. ఎంతోకాలం బజార్లో కిరాణా హోల్‌సేలు నడిపిన మనిషి. ఆయన చూపు నుంచి ఏదీ తప్పించుకోదు.

"అదేంటి మాస్టారూ, కంప్యూటరు పాడైందా?"

"లేదండి."

"మరి?"

"ఈమెకు ఫోను లేదండి."

"మేస్త్రిది చెప్పిందిగా. నేనూ విన్నా."

"ఆమె ఒంటి సంగతి మేస్త్రికెందుకండీ." ఆయన చీటీ చించి లూర్దమ్మ చేతిలో పెట్టాడు. "నేను ఎక్కించను."

చెన్నకేశవరావు నవ్వబోయి మానుకున్నాడు. "మీకు ఎండ తగిలినట్టుంది. కూర్చోండి మాస్టారూ, కుర్చీ ఉందిగా!"

ఉమాకాంతం కూర్చోలేదు. పెద్దాయన పెట్టెకు తాళం వేసుకుని, గొణుక్కుంటూ కొడుకు గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

లూర్దమ్మ చీటీని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంది. "ఫోన్లో ఎక్కకపోతే మందులిస్తారా సారూ?"

"ఇస్తారమ్మా," అన్నాడు. ఇస్తారో లేదో ఆయనకు తెలియదు.

మాత్రల అట్టలు తీసుకుని మెట్లు దిగాడు. ఎండ కళ్ళలో కొట్టింది. రోడ్డు మీద సున్నపురాయి లారీ పోయి దుమ్ము లేచింది. కొట్టు నీడలో పుల్లమ్మ ఒక్కతే ఉంది. చుట్టుపక్కల మనిషి లేకపోయినా కొంగు నోటికి అడ్డంగానే పట్టుకుంది.

ఆయన దగ్గరికి వస్తుంటే ముందు మొహం చూసింది. తర్వాత చేతిలోవి చూసి, గోడ తగిలేదాకా వెనక్కి జరిగింది.