రెండో మిషను

తనను ఉద్యోగంలోంచి తీసేసే కాగితాన్ని సుకుమారి తానే టైపు చేసుకుంటుంది. ఇది ఇరవై మూడోసారి. బాగా అలవాటైన పని కాబట్టి ఒక్క తప్పు కూడా దొర్లదు.

చెబితే నవ్వుతారు గానీ ఆత్మకూరులోని ఆ సర్కారు ఆఫీసులో పద్ధతే అది. టెంపరరీ వాళ్ళను ఎక్కువ రోజులు వరసగా ఉంచితే ఎక్కడ హక్కులడుగుతారోనని ఎనభై తొమ్మిది రోజులు నిండగానే తీసేస్తారు. ఒక్క రోజు బ్రేకు. మర్నాడు ఆ మనిషి మొహమే ఎరగనట్టు మళ్ళీ కొత్తగా వేసుకుంటారు. తీసేసే ఆర్డరూ వేసుకునే ఆర్డరూ ఎవరో ఒకరు కొట్టాలి కదా! ఆఫీసు మొత్తానికి టైపిస్టు సుకుమారి ఒక్కతే. అందుకని బ్రేకు రోజున కూడా ఆమె రావాల్సిందే.

"ఇయ్యాల హాజరు పుస్తకంలో సంతకం పెట్టబాకమ్మా" అని సూపరింటెండెంటు వెంకటరమణయ్య పొద్దున్నే గుర్తుచేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. టీ తెప్పించుకుంటే ఆమెకూ ఒకటి తెప్పిస్తాడు. ఆరేళ్ళ నుంచి "వచ్చే లిస్టులో నీ పేరు ఉంటాదిలే" అని కూడా ఆయనే అంటున్నాడు. ఆ లిస్టును కళ్ళతో చూసినవాడు మాత్రం ఇంతవరకూ ఎవడూ లేడు.

మొదటి కాగితం అయిపోయింది. రెండోది, రేపటి తేదీతో వేసుకునేది, కొట్టాలి. సుకుమారి తెల్లకాగితాన్ని చేతిలో పట్టుకుని కిటికీలోంచి గేటు వైపు చూస్తూ కూర్చుంది.

గేటు పక్కన రేకు కింద రెబెకమ్మ టైపు మిషను టకటకమంటోంది. ఒకప్పుడు ఇదే కుర్చీలో కూర్చున్న మనిషి. నాలుగేళ్ళు చేసి, ఒక బ్రేకు రోజున గేటు దాటి వెళ్ళి మళ్ళీ లోపలికి రాలేదు. ఇప్పుడు ఆఫీసుకొచ్చే జనం ముందు ఆమె దగ్గర ఆగి అర్జీ కొట్టించుకున్నాకే మెట్లెక్కుతారు. నెల్లూరులో ఎవరో టైపు ఇన్‌స్టిట్యూటు మూసేస్తుంటే మొన్ననే ఇంకో మిషను కూడా తెచ్చుకుంది.

"నీకోసమే తెచ్చినాను" అంది నిన్న సాయంత్రం. "రేపు పొద్దుగూకే లోపల వస్తావో రావో చెప్పు. లేకుంటే ఇంకొకర్ని చూసుకుంటా. బల్ల ఖాళీగా పెట్టుకోని కూచోడానికి ఇదేమన్నా మీ ఆఫీసా?"

"వాన పడితే నీకు గిరాకీ ఉండదు గదక్కా" అంది సుకుమారి.

"ఉండదు. కానీ లోపల నాలుగేళ్ళు కొడితే నాకు మిగిలింది భయం ఒక్కటే. ఉంచుతారా, తీస్తారా అని. ఈడ నన్ను తీసేసేవాడు లేడు. రెండు నెలలు గిరాకీ తక్కువైతే మూడో నెల నేనే ఇంకో గంట ఎక్కువ కూచుంటా. అంతే."

సుకుమారికి అప్పుడే సరే అనాలనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడ్డం వచ్చింది ఆమె నాయన కోయించిన మేకపోతు.

ఆమె నాయన వరప్రసాదం ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతాడు. ఆరేళ్ళ కిందట మొదటి ఆర్డరు చేతికి రాగానే సుకుమారి దాన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ఇంగ్లీషు కాగితం, కింద గుండ్రటి సీలు. ఎనభై తొమ్మిది రోజుల సంగతి అందులో రెండో పేరాలో ఉంది. అదేదో రాతకోతల మాట అనుకుంది గానీ దాని అర్థం ఆమెకే తెలియదు. వరప్రసాదం ఆగలేదు. బిడ్డకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించాడు. పాస్టరుగారు మొదటి పేరా చదివి ప్రార్థన చేశారు. మేకపోతును కోసి సంఘానికంతా భోజనం పెట్టారు. దేవుడు తన మొర విన్నాడని వరప్రసాదం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాడు.

తర్వాత బ్రేకు రోజు వచ్చింది. అప్పుడు తెలిసింది. అప్పటికి ఊళ్ళో ఆయన గరిటెల వరప్రసాదం కాదు, ఆఫీసు సుకుమారి నాయన అయిపోయాడు. ఏ నోటితో చెబుతుంది? ఈ శనివారం చెబుదాం, వచ్చే శనివారం చెబుదాం అనుకుంటూ ఆరేళ్ళు ఉదయగిరి బస్సెక్కి దిగింది. ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది ఆఫీసు కాదు, ఆ కూడిక.

మధ్యాహ్నం ఒంటిగంటకు గుమ్మంలో అలికిడైతే తలెత్తి చూసింది. నాయన! వెనక పక్కింటి రూబీ.

"నువ్వేంది నాయనా ఈడ?"

"రూబీ టైపు పాసయింది పాపా. మీ సారుతో ఒక మాట చెబుదామని" అంటూ, ఆమె ఆపేలోపే ఆయన వెంకటరమణయ్య బల్ల దగ్గరికి నడిచాడు. సంచిలోంచి ఆరు గరిటెలు తీసి పేర్చాడు. "సుకుమారి నాయనను సార్. మా పాపకు ఇచ్చినట్టే ఈ బిడ్డకు గూడా ఒక పర్మినెంటు పోస్టు ఇప్పియ్యాల."

వెంకటరమణయ్య గరిటెను తిప్పి చూస్తూ నవ్వాడు. "పర్మినెంటా? మీ అమ్మాయిదే పర్మినెంటు గాదు గదయ్యా! ఎనభై తొమ్మిది రోజులది. ఇయ్యాల లెక్క ప్రకారం ఆమె ఉద్యోగంలోనే లేదు. అట్టాంటిదే ఇంకోటి ఇప్పుడు ఖాళీ ఉండాది. ఈ అమ్మాయిని రేపట్నుంచి రమ్మను. సుకుమారమ్మా, నీ ఆర్డరుతో పాటు ఈమెది గూడా కొట్టు."

వరప్రసాదం ఒక గరిటెను అటు జరిపాడు. మళ్ళీ ఇటు జరిపాడు. "అట్టనా సార్" అని వరండాలోకి వచ్చేశాడు. సుకుమారి వెంట వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి మూడు నెల్లకే."

"మరి నాకు చెప్పలేదేం?"

"అప్పటికే మేకను కోసినావు గదా నాయనా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సుకుమారికి మాత్రం గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇక దాచేదేముంది? తలుపు తెరుచుకుంది కదా అని గబగబా చెప్పేసింది. "రేపట్నుంచి నేను లోపలికి పోను నాయనా. గేటు కాడ రెబెకమ్మక్క ఉండాది చూడు, ఆమె పక్కన మిషను పెట్టుకుంటా."

వరప్రసాదం గేటు వైపు చూశాడు. రేకు, దుమ్ము, వెనక ఆనుడు లేని ముక్కాలి పీట.

"నలభై ఏళ్ళు చెక్కపొట్టులో కూచున్నాను పాపా. ఎవురి కిందా పన్జెయ్యలేదు. గిరాకీ వస్తే అన్నం, రాకుంటే గంజి. నా బిడ్డ నీడలో కూచోవాలని మొక్కుకున్నాను. ఇచ్చినాడని సంఘం ముందర చెప్పినాను. ఇప్పుడు పొయ్యి ఇయ్యలేదని చెప్పేదా? నా సాక్ష్యం అబద్ధమైపోదా?"

"నాయనా..."

"ఈ మాట ఈడనే ఉండనియ్. నిజంగా పర్మినెంటు అయిందాకా ఓర్చుకో. నా మొకం చూసి." ఆయన ఆమె గడ్డం పట్టుకున్నాడు. ఉలి పట్టీ పట్టీ కాయలు కాసిన వేళ్ళు అవి.

తిట్టి ఉంటే వెళ్ళిపోయేది. కొట్టినా వెళ్ళిపోయేది. గడ్డం పట్టుకుంటే ఏం చేస్తుంది? ఆమెకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండింటినీ మింగేసింది.

లోపలినుంచి రూబీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అక్కా, రేపు ఎన్ని గంటలకు రావాల? కొన్నాళ్ళు కష్టపడితే పర్మినెంటు చేస్తారు గదా? పోస్టు వస్తే కూడిక పెట్టిస్తానని మా అమ్మ అప్పుడే మొక్కుకోనుండాది. ఈ ఆదివారమే పెట్టిస్తాది."

సుకుమారి ఒక్క క్షణం ఆ పిల్లను చూసింది. తర్వాత రెక్క పట్టుకుని గేటు దాకా నడిపించింది.

"అక్కా, నీ రెండో మిషనుకు మనిషిని తెచ్చినాను."

రెబెకమ్మ కళ్ళజోడు పైకి తోసింది. "నేను రమ్మనింది నిన్ను గదమ్మే!"

"దీని పేరు మీద ఇంకా ఎవురూ మేకను కొయ్యలేదక్కా."

రెబెకమ్మకు ఆ సంగతి తెలుసు. ఆరేళ్ళ కిందట ఆ మేకపోతు భోజనంలో ఆమె కూడా కూర్చుంది. రెండో మిషను మీది గుడ్డ తీసింది.

రూబీ బిక్కమొహం వేసింది. "ఆఫీసులో గాదా అక్కా?"

"బస్సు టైముదాకా ఈడ కొట్టు. ఆ లోపల రెబెకమ్మక్కను అడుగు, ఎందుకు బయటికొచ్చిందో. అంతా విన్నాక గూడా లోపలికే వస్తానంటే నీ ఆర్డరు నేనే కొడతా. ఒక్కటి మటుకు విను. మీ అమ్మను ఇప్పుడే కూడిక పెట్టనియ్యబాక."

ఆ మధ్యాహ్నమంతా వరప్రసాదం వరండా మెట్టు మీదనే కూర్చున్నాడు. లోపలికీ చూడలేదు, గేటు వైపూ చూడలేదు. నాలుగున్నరకు రూబీ పరుగున వచ్చి కిటికీ చువ్వలు పట్టుకుంది. వేళ్ళకు రిబ్బను సిరా.

"నాది కొట్టబాకక్కా" అంది. "సంగం ఊర్నుంచి వచ్చిన అవ్వ ఒకామె నా చేత్తోనే కాగితం కొట్టించుకోని నా తల నిమిరిపోయింది. వచ్చే సోమవారం గూడా నా కాడికే వస్తాదంట." చెప్పి మళ్ళీ గేటు వైపు పరుగెత్తింది.

"ఆ అమ్మాయి ఆర్డరు ఏదమ్మా?" అన్నాడు వెంకటరమణయ్య.

"రాదంట సార్."

"పిచ్చి పిల్ల! మరి నీది?"

సుకుమారి మెట్టు మీద కూర్చున్న నాయన వీపును చూసింది. తెల్లకాగితం మిషనుకు ఎక్కించి రేపటి తేదీ వేసింది. తన పేరు కొట్టింది. ఆ కింద ఎనభై తొమ్మిది రోజులు.

బయట రెండు మిషన్లు మోగుతున్నాయి. ఒకటి ఆగకుండా పోతోంది. రెండోది తడబడుతోంది, తప్పు కొట్టి ఆగుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. సుకుమారి కాగితంలో ఒక్క తప్పు కూడా లేదు.