నేర్పిన ముక్కు

పాలకేంద్రంలో నన్ను ముక్కు అని పిలిచేవాళ్ళు. అది వెక్కిరింత కాదు, నా ఉద్యోగం. తెల్లవారేసరికి బండ్ల మీద క్యాన్లు వస్తాయి. ఒక్కొక్క దాని మూత ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకొని, పాలు బాగుంటే తలూపాలి, లేకపోతే చెయ్యి అడ్డంగా ఊపాలి. పరీక్ష గదివాళ్ళ ఫలితం మధ్యాహ్నానికి గాని రాదు. పాలు అంతదాకా ఆగవు. పులుపు తిరిగిన పాలు, పొగ పట్టిన పాలు, కడగని క్యానులో పోసిన పాలు, ఏవైనా పందొమ్మిదేళ్ళపాటు మూత ఎత్తగానే చెప్పాను. నాకు మాటలు తక్కువ. ఆ పనికి అవి అక్కరలేదు కూడా.

రెండేళ్ళ కిందట పని దిగి సైకిలు మీద గేటు దాటుతుంటే వెనకనుంచి కారు గుద్దింది. బట్టల వ్యాపారి కారు. ఫోను చూసుకుంటూ నడిపానని తానే ఒప్పుకున్నాడు. పెద్ద మనసుతో కాదు, కట్టేది బీమా కంపెనీ కనుక. నా తల వెనకభాగం రోడ్డు పక్క రాతి అంచుకు కొట్టుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. జుట్టు పెరిగాక అవీ కనపడలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. నేను ఆ పక్కనే కూర్చొని పేపరు చదువుతున్నాను. నా భార్య పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి గిన్నె వంక కాదు, నా వంక చూసింది. ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. నాకు ఇంకో నిమిషం పట్టింది.

కాలు విరిగిందంటే జనం అయ్యో అంటారు. వాసన పోయిందంటే నవ్వుతారు. "అదృష్టవంతుడివి, మురిక్కాలవ పక్కన స్థలం చవగ్గా వస్తుంది, కొనుక్కో" అన్నాడు మా లారీ డ్రైవరు. మేనేజరు నన్ను క్యాన్లు కడిగే చోటికి మార్చాడు. జీతం సగమైంది. పేరు మాత్రం ముక్కే.

దావా వేయమన్నది నా బావమరిది. కోర్టు గేటు ముందు చిన్న బల్ల వేసుకొని దరఖాస్తులు రాస్తుంటాడు. ఇరవై ఏళ్ళు గేటు బయట కూర్చున్నాడు కనుక లోపల జరిగేదంతా తనకు తెలుసని అతని నమ్మకం.

"బీమావాళ్ళ ముక్కు పిండి వసూలు చేద్దాం బావా. నీది పోతే ఏం, వాళ్ళకుందిగా."

లాయర్ని కూడా అతనే కుదిర్చాడు. బల్లలకు ఆనుకొని ఆనుకొని ఆ లాయరు కోటు మోచేతుల దగ్గర నిగనిగలాడుతుంటుంది. ఆయన నా ముఖం ఒక్కసారి చూశాడు, ఫైలు అంతకన్నా తక్కువ చూశాడు. డాక్టరు సర్టిఫికెట్ ఉంది కదా, చాల్లే అన్నాడు.

బీమా కంపెనీకి చాలలేదు. ఈ మనిషికి వాసన బాగానే వస్తుంది, డబ్బుకోసం నటిస్తున్నాడు, మా డాక్టరు చేత కోర్టులోనే పరీక్ష చేయిస్తాం అని రాసింది. జడ్జి సరేనన్నాడు.

ఆ కబురు తెలిసిన సాయంత్రమే బావమరిది సంచీతో దిగాడు. అందులోంచి ఉల్లిపాయలు, కిరోసిన్ సీసా, ఫినాయిలు, తన మేజోళ్ళ జత తీసి వరసగా పెట్టాడు.

"ఇవెందుకురా?"

"ప్రాక్టీసు. రేపు వాళ్ళు ఏం పెట్టినా నువ్వు ఉలక్కూడదు, పలక్కూడదు. రెప్ప కదిలిందా, కేసు పోయిందే."

"నాకు నిజంగానే తెలియట్లేదు కదరా. ప్రాక్టీసు దేనికి?"

"నిజం సంగతి నాకొదిలెయ్ బావా. కోర్టుకు నిజం అక్కర్లేదు, నిజంలా కనపడాలి."

నా భార్య గుమ్మంలో ముక్కు మూసుకొని నిలబడింది. "ఆయన బాగానే ఉంటారు. ఆ మేజోళ్ళకు చచ్చేది నేను" అంది.

పది రోజులు సాగింది. ఉల్లిపాయ కోసి నా ముక్కు కింద పెట్టేవాడు. కళ్ళు మండి నీళ్ళు తిరిగేవి. అదే వద్దన్నది అని మోకాలి మీద కొట్టేవాడు. వాసన లేకపోయినా ఉల్లి మండుతుందిరా అన్నాను. ఆ తేడా జడ్జికేం తెలుసు అన్నాడు. పదో రోజుకు పళ్ళు బిగబట్టి బొమ్మలా కూర్చోవడం వచ్చేసింది.

"చూడక్కా, రాయి" అన్నాడు వాళ్ళ అక్కతో. నలభై ఆరేళ్ళవాణ్ణి, ఆ మెప్పుకు లోపల కాస్త పొంగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను.

కోర్టులో ఆ డాక్టరు సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. చిన్న చిన్న సీసాలు తెచ్చాడు. మొదటిది కాఫీపొడి, రెండోది సబ్బు నీళ్ళు, మూడోది ఏదో నూనె. మూడింటికీ తెలియడం లేదన్నాను. నిజమే చెప్పాను. అతను నాలుగో సీసా మూత తీసి ముక్కు కింద పెట్టాడు.

కాల్చిన సూదులు రెండు ముక్కులోంచి కళ్ళదాకా దించినట్టయింది. అదేమిటో నాకు వెంటనే తెలిసింది. మా కేంద్రంలో పాలు చల్లబరిచే యంత్రంలో ఉండేది అదే, అమోనియా. గొట్టం ఎక్కడైనా కారిందంటే మేనేజరు మొదలు గేటు దగ్గర కుక్కదాకా బయటికి పరుగు తీస్తారు. నాకు వాసన తెలియడం పోయాక కూడా ఒకసారి కారింది, అందరితోపాటు నేనూ పరుగెత్తాను. ఇదంతా తెలిసీ, బెంచీ మీదున్న బావమరిది వంక చూశాను. కదలొద్దని కళ్ళతోనే చెప్పాడు. ఏ దొంగతనమూ చేయకుండా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రెప్ప వేయలేదు.

"వాసనేమైనా తెలిసిందా?" అన్నాడు డాక్టరు.

"ఏమీ లేదు."

అతను సీసాకు మూత బిగించి జడ్జివైపు తిరిగాడు. "ఇది వాసన కాదండి, మంట. దీన్ని పట్టే నరం వేరు. వాసన పూర్తిగా పోయినవాడు కూడా దీనికి తల వెనక్కి లాగుతాడు. ఈయన లాగలేదు. ఏం పెట్టినా లేదనాలని అనుకొనే వచ్చారు."

మా లాయరు లేచి, కాగితాలు సర్దుకొని, మళ్ళీ కూర్చున్నాడు. ఆ కేసులో ఆయన పడిన శ్రమ అదే. నెల తరువాత తీర్పు వచ్చింది. కుట్లకు ఇంత, మందులకు ఇంత, సైకిలుకు ఇంత. ముక్కుకు సున్నా.

"డాక్టర్ని కొనేశారు బావా" అన్నాడు బావమరిది.

తీర్పు సంగతి పాలకేంద్రానికీ చేరింది. మేనేజరు పిలిపించాడు.

"శుభవార్తయ్యా. నీ ముక్కు భేషుగ్గా ఉందని కోర్టే చెప్పింది. రేపట్నుంచి మూతల దగ్గరికి వచ్చెయ్."

"నాకు వాసన రాదండి."

"మరి అబద్ధం అక్కడ చెప్పావా, ఇక్కడ చెబుతున్నావా?"

"అక్కడ చెప్పింది నిజమేనండి. చేసింది అబద్ధం."

"అంత లోతు నాకెందుకు? పూర్తి జీతం వస్తుంది, పో."

పోయాను. మూత ఎత్తడం, ముక్కుకు ఆనించడం, చూసేవాళ్ళకు అంతా మునుపటిలాగే ఉంది. నేను మాత్రం మూతను వదిలేసి, క్యాను తెచ్చిన మనిషిని చూసేవాణ్ణి. పాలు చెడ్డాయని తెలిసినవాడు క్యాను వంక చూడడు, ఎండల గురించి మాట్లాడతాడు. నిన్నటి పాలు కలిపినవాడు నా ఆరోగ్యం అడుగుతాడు. వాళ్ళ క్యాన్లు వెనక్కి పంపాను. పదిహేను రోజులు ఒక్క తప్పు పడలేదు. ముక్కు ఎక్కడికీ పోలేదు చూశారా అని మేనేజరు అందరికీ చెప్పుకున్నాడు.

పదహారో రోజు ఒక పెద్దాయన ఆరు క్యాన్లు దించాడు. అబద్ధం ఎరగని మనిషి. క్యాన్ల వంకా నా వంకా నిదానంగా చూశాడు. ఆ రోజు వాళ్ళ ఇంట్లో క్యాన్లు సరిగా కడగలేదని పాపం ఆయనకే తెలియదు. తెలియని సంగతి ముఖంలో ఎలా కనపడుతుంది? ఆరింటికీ తలూపాను. ఆ పాలు పెద్ద ట్యాంకులో కలిశాయి. కాగబెట్టేసరికి ట్యాంకు పాలన్నీ విరిగాయి.

సాయంత్రానికి నోటీసు ఇచ్చారు. ముక్కు సరిగా ఉండి కూడా కావాలని చెడ్డ పాలు వదిలావు, నిన్నెందుకు తీసెయ్యకూడదో చెప్పు అని.

బావమరిది ఆ నోటీసు చదివి చంకలు గుద్దుకున్నాడు.

"పంట పండింది బావా. విరిగిన పాలే సాక్ష్యం. అప్పీలు వేద్దాం. ఈసారి సీసా మూత తీయగానే తల వెనక్కి లాగాలి. నేను నేర్పుతాగా."

"లాగడం నాకు పుట్టుకతో వచ్చురా. మానడమే నువ్వు నేర్పావు."

జవాబు నేనే రాశాను. నాకు వాసన తెలియదు. కోర్టులో కదలకుండా నిలబడింది నా బావమరిది పది రోజులు నేర్పినందువల్ల. అప్పీలులో అతను ఈ మాట చెబుతాడు. అంతే. కింద సంతకం పెట్టమని కాగితం, పెన్ను అతని ముందు పెట్టాను.

చదివేసరికి అతని ముఖం మారింది. "కోర్టును మోసం చేయించానని నా చేత్తో నేనే రాసుకోవాలా? ఇంక గేటు దగ్గర నా బల్ల ఉండనిస్తారా?"

"నువ్వు చెప్పకపోతే నా పని పోతుందిరా. చెబితే నమ్ముతారు."

"అక్కా, నువ్వయినా చెప్పు."

నా భార్య పెన్ను తీసి తమ్ముడి చేతికిచ్చింది. "రెండేళ్ళుగా అన్నం పాచిపోయిందో లేదో నన్ను అడిగి తింటున్నారు ఈయన. నువ్వు ఒక సంతకం గీయడానికి నన్ను అడుగుతున్నావు."

అతను కాగితం మళ్ళీ చదివాడు. భాష బాగాలేదన్నాడు. మంచిగా టైపు చేయించి రేపు పొద్దున్నే తెస్తానన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. కాగితం బల్లమీదే ఉంది. నా పెన్ను మాత్రం జేబులో పెట్టుకొని పోయాడు.

పొద్దున్నదాకా చూసి, సంతకం లేకుండానే, అతని పేరు మాత్రం నేనే పెన్సిలుతో రాసి, కాగితం తీసుకెళ్ళి మేనేజరుకిచ్చాను. చదివి, "ఎవరయ్యా ఈ మనిషి, ఎక్కడుంటాడు?" అన్నాడు.

"కోర్టు గేటు ముందు కూర్చుంటాడండి" అన్నాను. "ఎవరికేం కావాలన్నా రాసిపెడతాడు. తను చేసింది తప్ప."