సూరాయమ్మకు తగిన ఆంప్లిఫయర్

బుధవారం పదకొండు గంటలకు సాక్షి సూరాయమ్మను రెండు చట్రాల్లో కోర్టుకు తీసుకొస్తారు. నలభై రోజుల కిందటి వరద ఆమెను లాగి లాగి ఉల్లిపొర కన్నా పలచగా చేసింది. కుడి సగం ఒక చట్రంలో, ఎడమ సగం ఇంకో చట్రంలో, ఇనుప జల్లెడల మధ్య బిగించి, కరెంటు పెట్టి ఉంది. చట్రాలను గోడకు ఆనించబోతే మెకానిక్ పేర్రాజు అడ్డుపడతాడు.

"మూడడుగులు ఎడంగా పెట్టండి. ఆవిడ వెనక్కి కూడా మాట్లాడుద్ది."

కోర్టులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. బంట్రోతు ప్యాంటు మడుచుకుని ఫైళ్ళు తేలిపోకుండా చూస్తుంటాడు.

బోనులో ఉన్నవాడు నూకరాజు, సూరాయమ్మ మొగుడు. పెదమడి లంకలో వరద సైరన్‌కి కాపలాదారు. భోజనాల వేళ ఏరు పొంగింది, సైరన్ కూయలేదు, పదకొండు మంది పోయారు. నూకరాజు తిని పడుకున్నాడని, మీట నొక్కలేదని కేసు. రుజువైతే పదేళ్ళు.

నొక్కాడో లేదో తెలిసింది సూరాయమ్మకే. నొక్కి ఉంటే తప్పు పేర్రాజుది.

ఎందుకంటే వరదకు వారం ముందు ఆ సైరన్‌ని బాగుచేసింది పేర్రాజే. తొమ్మిది హారన్లను, రెండు మైళ్ళ వైరును తన కొట్టుకు మోసుకొచ్చే మెకానిక్ ఎక్కడా ఉండడు. పరీక్ష చూడ్డానికి వాటి బదులు సైరన్ పెట్టెకు వేలెడంత రెసిస్టర్ తగిలించాడు. బల్ల మీద బాగానే పనిచేసింది. చీటీ మీద "బాగుంది" అని రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు సూరాయమ్మ మాట వినాలంటే ఆంప్లిఫయర్ కావాలి. అది ఎంపిక చేసే పని కోర్టు పేర్రాజుకే అప్పగించింది. జిల్లాలో ఈ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు.

"ఏదో ఒకటి తగిలించకూడదా?" అంటుంది జడ్జి.

"కుదరదండి. రెసిస్టర్ కరెంటుని ఎప్పుడూ ఒకే తీరున అడ్డుద్ది, ఈవిడ అట్టా కాదు. గొంతు పైకెళ్ళే కొద్దీ అడ్డు తగ్గిపోద్ది. అడ్డు లేనప్పుడు ఆంప్లిఫయర్ తన దగ్గరున్నదంతా ధారపొయ్యాలి. పొయ్యలేంది ఆరిపోద్ది. లేదంటే పిచ్చెక్కి సొంతంగా కూసేద్ది."

జడ్జి తల ఊపి, ఆంప్లిఫయర్లను పిలవమంటుంది.

బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు కేకేస్తాడు. "అయిదొందల వాట్లూ... అయిదొందల వాట్లూ... అయిదొందల వాట్లూ!" బియ్యం బస్తా అంత పెట్టె మెట్లెక్కి వచ్చి, నిజమే చెబుతానని ప్రమాణం చేస్తుంది. పేర్రాజు వైర్లు కలుపుతాడు. సూరాయమ్మ మెల్లగా మొదలుపెట్టి గొంతు పెంచబోయేసరికి పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. పెట్టె కళ్ళు మూసుకుంటుంది.

నూకరాజు బోనులోంచి నవ్వుతాడు. "ఏం బావా, మా ఆవిడ నోరు తెరిస్తే అయిదొందలూ పడుకున్నాయా? నేను ముప్పయ్యేళ్ళు మోశాను!"

వాళ్ళిద్దరిదీ చుట్టరికం కాదు. ఒకే రేవులో పెరిగారు, అంతే. అయినా బావా అంటే బావే. పేర్రాజు తల వంచుకుని వైర్లు విప్పుతాడు.

నీళ్ళు ఒక అంగుళం పెరుగుతాయి.

రెండోది సన్నటి, మెరిసే పెట్టె. మూడు కేకలకు వచ్చి, ప్రమాణం చేసి, వైర్లు కలపగానే వణుకుతుంది. కాసేపటికి కోర్టు నిండా గొంతు మోగుతుంది.

"పడుకున్నాడు... పడుకున్నాడు... పడుకున్నాడు..."

గుమాస్తా టైపు చేస్తాడు. పేర్రాజు చట్రాల దగ్గరకు వెళ్ళి అరచెయ్యి అడ్డుపెడతాడు. పొర కదలడం లేదు. మాట చట్రాల్లోంచి రావడం లేదు, పెట్టెలోంచే వస్తోంది. అది పెట్టె సొంత కూత. ఆ సంగతి పేర్రాజుకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఇదే ఖాయమా?" అని అడుగుతుంది జడ్జి.

అవునంటే చాలు. పేర్రాజు ఇంటికెళ్ళిపోవచ్చు. నాలుక పైకి లేస్తుంది కూడా.

నూకరాజు చట్రాలకేసి చూస్తూ చేతులు కట్టుకుంటాడు. "సూరాయి అందంటే అదే నిజం అయ్యుంటది బావా. నొక్కానని నేనే అనుకుంటన్నానేమో. రాసుకోమను."

నీళ్ళు నూకరాజు నడుం దాకా వస్తాయి. మిగతావాళ్ళకు మోకాలి దగ్గరే ఉన్నాయి.

"కాదండి," అంటాడు పేర్రాజు. "అది ఆవిడ గొంతు కాదు. ఇంకోటుంది."

తనతో తెచ్చుకున్న గోనెసంచి విప్పుతాడు. పొద్దున్న ఇంటి దగ్గర దాన్ని సంచిలో పెట్టింది అతనే, విప్పే పని పడకూడదని దారంతా దండం పెట్టుకుంటూ వచ్చిందీ అతనే. పెళ్ళికి ముందు తన చేత్తో కట్టుకున్న వాల్వు ఆంప్లిఫయర్. గాజు బుడ్ల లాంటి నాలుగు వాల్వులు, ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మర్. బంట్రోతు కేకెయ్యడు. అది ముందే లోపలికి వచ్చేసింది కదా.

"ఇది వేడెక్కాలండి. ఆగాలి."

అందరూ ఆగుతారు. బుడ్లు ఎర్రబారతాయి. ఆ వెలుగుకు బల్లల కింద నుంచి చిన్న చేపలు వచ్చి పేర్రాజు కాళ్ళ చుట్టూ చేరతాయి.

"ఆవిడ మాట తిన్నగా ఒక్క కుర్చీకే పోద్దండి," అంటాడు. "పక్కనున్నోళ్ళకి గాలి తగులుద్ది, అంతే."

"ఎంచుకున్నది మీరు. మీరే కూర్చోండి. విన్నది విన్నట్టు గట్టిగా చెప్పండి," అంటుంది జడ్జి.

పేర్రాజు రెండు చట్రాలకు సరిగ్గా మధ్యన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బియ్యం కడిగే చప్పుడంత మెత్తగా సూరాయమ్మ మొదలుపెడుతుంది. గొంతు పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది. వాల్వులు జంకవు. ఉన్నదంతా ధారపోస్తాయి.

"నొక్కాడన్నయ్యా. మూడుసార్లు నొక్కాడు. కూత రాలేదు. నేను గడప గడపకీ పరిగెత్తాను, నా గొంతు సరిపోలేదు. నువ్వు బల్ల మీద కాదు, మా ఊళ్ళో చూడాల్సింది."

పేర్రాజు లేచి నిలబడతాడు.

"ఏమంది సాక్షి?"

చెప్పడానికి నోరు తెరుస్తాడు. సైరన్ వస్తుంది.

నలభై రోజులు ఆలస్యంగా, తొమ్మిది హారన్ల జోరుతో, అతని గొంతులోంచి కూత లేస్తుంది. కిటికీలు వాటంతటవే తెరుచుకుంటాయి. కాసేపటికి మెట్ల మీద తడి అడుగుల చప్పుడు. వరదలో పోయిన లంక జనం ఒక్కొక్కరే లోపలికి వస్తారు. మూటలు, కోళ్ళు, ఒకామె నెత్తి మీద టీవీ. అందరూ ఉల్లిపొర అంత పలచన. పక్కకు తిరిగితే కనబడరు.

"ఇప్పుడా కూసేది?" అని విసుక్కుంటాడు ముందున్న ముసలాయన.

అక్కడ ఎత్తయిన చోటు జడ్జి పీఠమే. ఆమె కుర్చీ పక్కకు జరిపి, చెయ్యందించి ఒక్కొక్కరినీ పైకి లాగుతుంది. పేర్రాజు మనసులో లెక్కపెడతాడు. ఎనిమిది. తొమ్మిది. పది. ఊపిరి అందడం లేదు. ఆపితే పదకొండో మనిషికి దారి తెలియదు.

చట్రాల్లో పొర వదులవుతుంది. సూరాయమ్మ కుడి సగం ఇటునుంచి, ఎడమ సగం అటునుంచి దిగి, నడుమ మనిషి పట్టేంత ఎడంతో నీళ్ళలో నడుస్తాయి. నూకరాజు బోను తలుపు తీసుకుని వచ్చి ఆ ఎడంలో నిలబడతాడు. ముగ్గురూ ఒక్క అడుగుతో పీఠం ఎక్కుతారు. సూరాయమ్మతో పదకొండు.

బల్ల మీద వాల్వులు నాలుగూ చల్లారిపోయాయి. పేర్రాజు చొక్కా లోపల మాత్రం నాలుగు ఎర్రటి వెలుగులు. వాటి మధ్య చేపలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. పైన పదకొండు మందీ వరసగా కూర్చుని అతనికేసి చూస్తుంటారు. అతను కూత ఆపడు.