గేరు రాడ్డుకి చిన్నరసం అంటు

పొద్దున్నే సుసన్నా వ్యాను హారన్ వినపడిందంటే ఆ వీధిలో ఆడవాళ్లు సగం అన్నం క్యారేజీలో, సగం నోట్లో పెట్టుకుని పరిగెత్తుకొస్తారు. అంతా నూజివీడు చుట్టుపక్కల నర్సరీల్లో మామిడి అంట్లు కట్టేవాళ్లే. సుసన్నా కూడా అంట్లు కట్టేదే, కాకపోతే వీళ్లందర్నీ మోసే వ్యాను కూడా ఆమెదే. మొగుడు క్రీస్తుదాసు పోతూ పోతూ వదిలి వెళ్లిన ఆస్తి అదొక్కటే. దాన్ని ఆస్తి అనడానికి కాస్త గుండెధైర్యం కావాలనుకోండి.

ఆ బండిలో గేరు మార్చడమంటే పప్పు గుత్తి తిప్పడమే. రెండోది పడిందనుకుంటే నాలుగోది పడేది. మూడోదాంట్లో పెట్టి చెయ్యి తీస్తే చటుక్కున న్యూట్రల్లోకి జారిపోయేది. అందుకని అచ్చమ్మ పిన్ని ముందు సీట్లో కూర్చుని, దారంతా రాడ్డు పట్టుకుని ప్రార్థన చేసుకునేది. మెకానిక్కు ఇన్నయ్య బుష్షులు మార్చాడు, కింద లింకులకి వెల్డింగ్ పెట్టాడు, చివరికి, "అమ్మా, ఈ మోడలుకి సామాన్లు రావట్లేదు. నేను మాత్రం ఏం చెయ్యను?" అని చేతులు కడిగేసుకున్నాడు.

తమ్ముడు సువర్ణరాజుకి కావలసింది కూడా అదే. బాపులపాడులో అతనికి మామిడి తోట ఉంది, పెద్ద ఇల్లుంది. "ఒంటరిగా ఏంటక్కా ఈ బాధ? ఆ డొక్కు అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్యి" అని వచ్చినప్పుడల్లా పోరేవాడు. పోరు పడలేక ఒకరోజు చర్చిలో పాస్టరుగారి ముందే మాటిచ్చేసింది సుసన్నా. "బండి నడిచినన్నాళ్లూ ఇక్కడుంటాను రా. అది ఆగిపోయిన నాడు నీ వెనకే వస్తాను."

తమ్ముడి ఇంట్లో అన్నానికి లోటు లేదు, ప్రేమకీ లోటు లేదు. కానీ పొద్దున్నే లేచి ఆమె వెళ్లాల్సిన చోటంటూ అక్కడ లేదు.

అలాంటిది, వానాకాలంలో ఓ రోజు మైలవరం రోడ్డు మీద గేరు రాడ్డు మొదలంటా విరిగి అచ్చమ్మ చేతిలోకి వచ్చేసింది. "ఓరి దేవుడోయ్, ఇది నా పాపం కాదే!" అందావిడ. అడుగున వేలెడంత మోడు మిగిలింది. సుసన్నా కాసేపు స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నర్సరీకని పొద్దున పెరటి చెట్టు నుంచి కోసి తడిగుడ్డలో చుట్టుకొచ్చిన చిన్నరసం మామిడి పుల్లల్లోంచి మంచి బలమైంది ఒకటి తీసింది. మొదలు చీల్చి, ఆ ఇనుప మోడు మీద కూర్చోబెట్టి, ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించి అంటు కట్టేసింది.

మిగతావాళ్లు దిగి బండిని రోడ్డు పక్కకి తోశారు. అచ్చమ్మ మాత్రం సణిగింది. "బంగినపల్లి కట్టాల్సిందే. చిన్నరసానికి నిలకడ తక్కువ."

"ఉన్నదే కట్టాను పిన్నీ. నువ్వేమైనా బంగినపల్లి తెచ్చావా?"

ట్రాక్టరు కట్టి బండిని ఇంటికి లాక్కొచ్చారు. కొన్నాళ్లకి అంటు అతుక్కుని చిగురేసింది. ఒకటో గేరు వేస్తే వెన్నలో వేలు పెట్టినట్టు పడింది. రెండు, మూడు, నాలుగు, రివర్సు, దేనికదే. ఎదురొచ్చే ఆర్టీసీ డ్రైవర్లు కూడా, "ఏమ్మా, అంటు బతికిందా?" అని అడిగి వెళ్లేవాళ్లు. ఎండాకాలంలో రాడ్డుకి రెండు కాయలు కూడా కాసింది. ఆడవాళ్లంతా తలో ముక్కా తిన్నారు.

అంటు ఎక్కడ కట్టినా తల్లి చెట్టు గుణం ఎక్కడికి పోతుంది? సుసన్నా పెరట్లో చెట్టు కాపు అయిపోగానే, మళ్లీ పూతకొచ్చేదాకా విశ్రాంతి తీసుకునే రకం. కాయలైపోయి వానలు పడగానే గేర్లు బద్ధకించాయి. ముందు నాలుగోది మానేసింది, తర్వాత రెండోది. దసరా వెళ్లేసరికి ఏదీ పడటం లేదు. ఇన్నయ్య గేరు బాక్సు విప్పి లైటేసి చూశాడు.

"గేరు పళ్లెప్పుడో అరిగిపోయాయమ్మా. ఇన్నాళ్లూ తిప్పింది ఈ అంటు వేళ్లే. ఇదిగో, చక్రాల చుట్టూ అల్లుకున్నాయి చూడు. ఇవి పడుకుంటే నేను లేపలేను."

ఆడవాళ్లు బస్సెక్కారు. సుసన్నాకి భయం పట్టుకుంది. రోజూ పొద్దున బాక్సులోకి ఆయిలు, రాడ్డు మొదట్లో చెంబుడు నీళ్లు. "లే నాన్నా, లే, నా పరువు నిలబెట్టు" అని బతిమాలేది. రాడ్డుకి ఆకులైతే గుబురుగా వచ్చాయి, గేరు మాత్రం పడలేదు.

బండి ఆగిందన్న కబురు బాపులపాడు చేరకుండా ఉంటుందా? డిసెంబర్లో సువర్ణరాజు ట్రాలీ ఆటో వేసుకుని దిగాడు. సుసన్నా ఎదురు చెప్పలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. బీరువా ఎక్కించారు, మంచం ఎక్కించారు. క్రీస్తుదాసు ఫోటో ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

సువర్ణరాజు తాళ్లు బిగించి, ఒకసారి చూద్దామని వ్యాను తలుపు తీశాడు. రాడ్డు మీద లేత ఆకుల్ని వేళ్లతో తిప్పి చూశాడు.

"అక్కా, ఇదేంటి? ఈ నెలలో చిగురేంటి? నీళ్లు పెడుతున్నావా దీనికి?"

"రోజూ పెడుతున్నా. ఎండిపోతుందేమోనని."

"నీకేమైనా మతి పోయిందా?" అతను తల బాదుకున్నాడు. "అంట్లు కట్టే చేతులేనా ఇవి? పూతకొచ్చే ముందు ఎవరైనా నీళ్లు పెడతారా? ఆకొస్తుంది గాని పూతెలా వస్తుంది? బెట్టకి వదిలెయ్యాలి. చుక్క నీరు పొయ్యకూడదు. ఆయిలు కూడా ఆపు. అది ఈపాటికి విశ్రాంతి తీరి, పూతకి సిద్ధంగా ఉంది. నువ్వే గారాబం చేసి చెడగొడుతున్నావు."

"మరి ఆగిపోయిందన్నారుగా?"

"ఎవడన్నాడు? కాపు లేని నెలల్లో చెట్టుని ఆగిపోయిందంటారా? అలా అయితే నా తోట ఈపాటికి కట్టెల అడితిలో ఉండాలి!"

అనేశాక అతనికి తెలిసొచ్చింది తనేం అన్నాడో. ట్రాలీ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. ఆమె ఫోటోని గుండెకి అదుముకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. రావడం ఇష్టమేనా అని ఇన్నాళ్లూ అడగనివాడికి జవాబు అప్పుడే అర్థమైనట్టుంది.

"బాబూ, తాళ్లు విప్పు. మంచం దింపేద్దాం" అన్నాడు ఆటో అతనితో.

"ఎక్కించిందే ఇప్పుడు కదండీ!" అని విసుక్కున్నాడు అతను.

బెట్టకి వదిలేశారు. వదిలెయ్యడమే కష్టమైంది ఆమెకి. రోజూ చెంబు పట్టుకుని వ్యాను దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. మంచు పడే రోజుల్లో రాడ్డు కొస నుంచి మొదలు దాకా పూత దిగింది. తేనెమంచు పురుగు పట్టబోతే సువర్ణరాజే వచ్చి మందు కొట్టి వెళ్లాడు. పిందె కట్టిన పొద్దున సుసన్నా క్లచ్ తొక్కి చెయ్యి వేసింది. ఒకటో గేరు పడింది.

ముందుగా ఎటు వెళ్లిందనుకున్నారు? బాపులపాడే. తమ్ముడి వాకిట్లో బండి ఆపి, మరదలు వండిన చేపల పులుసు తిని, పిల్లల్ని ఎక్కించుకుని తోట చుట్టూ తిప్పింది. ఎండ తగ్గగానే తాళాలు తీసుకుంది.

సువర్ణరాజు కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చే ఆదివారం కూడా రా అక్కా."

"ఆదివారం కుదరదు రా. అచ్చమ్మ పిన్ని వాళ్లని చర్చి కన్వెన్షన్‌కి తీసుకెళ్లాలి."

"పోనీ, ఆపై ఆదివారం?"

"చూస్తాలే" అని సుసన్నా గేరు వేసింది.